వెనక తలుపు లేని నక్ష

ఇది ఎప్పుడో రాయాల్సింది. రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. అరవై నాలుగో ఏట, కొలువు దిగిపోయాక, మా వాడలో ఆడవాళ్లకు బడి పెడితే పలక పట్టుకొని వెళ్లి కూర్చున్నాను. రెండేళ్లకు కూడబలుక్కొని చదవడం, మూడేళ్లకు తప్పులతో రాయడం వచ్చాయి. అయినా ఇది రాయలేదు. నా బిడ్డకు నాకంటే ముందే చదువు వచ్చు. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. నేను ఏ కాగితం మీద ఏం గీకినా తీసుకొని చదివేది, తప్పులు దిద్దేది. దీన్ని ఆమె చేత దిద్దించుకునే ధైర్యం నాకు లేకపోయింది. పోయిన ఎండాకాలం ఆమె పోయింది. ఇక దిద్దేవాళ్లు లేరు. తప్పులుంటే ఉండనీ.

మాది ఎనుమాముల అవతల పల్లె. పెనిమిటి పోయాక బిడ్డను వెంటబెట్టుకొని వరంగల్ వచ్చి, ఆడవాళ్ల దవాఖానలో ఆయాగా కుదిరాను. పాత రాతి కట్టడం అది. ఒకటే పొడుగాటి వార్డు. ముందు ఒక తలుపు, వెనక ఒక తలుపు. డాక్టరమ్మలు, సిస్టర్లు, నొప్పులతో వచ్చేవాళ్లు ముందు తలుపున వచ్చేవాళ్లు. వెనక తలుపు పాకీ పని చేసే ఆమెది. మరుగుదొడ్ల బుట్టలు, కాన్పుల మాయలు ఆమె అటునుంచే తీసుకుపోయేది.

అటునుంచే పోయేవాళ్లు ఇంకా ఉన్నారు. పుట్టి కన్ను తెరవని పిల్లలు. వాళ్లను తీసుకుపోవడం ఆయాల పని. పాత చీర గుడ్డలో చుట్టి, వెనక తలుపు దాటి, గోడ వెంబడి తిరిగి, వేపచెట్టు కింద కూర్చున్న తండ్రి చేతిలోనో తాత చేతిలోనో పెట్టి వచ్చేదాన్ని. వార్డులో నొప్పులు పడుతున్నవాళ్లకు ఎవరికీ కనబడేది కాదు.

యాభైల చివర్లో పెద్ద దవాఖాన, డాక్టరీ కాలేజీ, నర్సుల ఇండ్లు, అన్నీ ఒకే ఆవరణలో కట్టాలని సర్కారు తలచింది. ఊరవతల బండల నేల చూశారు. ఇప్పుడు కట్టేదే కాదు, పదేళ్ల తర్వాత ఏది, ముప్పై ఏళ్ల తర్వాత ఏది, ఏది ఎక్కడ అని ముందే నక్ష గీసి పెట్టుకోవాలట. ఆ పని మీద హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు వచ్చి సుబేదారిలో ఒక పాత బంగళాలో ఆఫీసు పెట్టాడు. మేమంతా ఆయనను నక్ష సారు అనేవాళ్లం.

నక్ష సారు చెడ్డవాడు కాదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆయన మీద నాకు కోపం ఉంది, అది ఇందులో కనబడుతుంది. అంత పెద్ద ఇంజనీరు వచ్చి వార్డులో స్టూలు మీద కూర్చొని రెండు రోజులు ఉత్తగా మమ్మల్ని చూశాడు. మూడోరోజు నన్ను పిలిచాడు.

“ఆయమ్మా, దినమంత నువ్వు ఎటు ఎన్నిసార్లు తిరుగుతవో నాకు కావాలె. డాక్టర్లను అడిగితే ఒకరొకటి చెప్తున్నరు.”

“నాకు లెక్కలు రావు సార్.”

“లెక్క నేను చేస్త. నువ్వు గింజ ఎయ్యి, చాలు.”

వార్డు మూలన నాలుగు ముంతలు పెట్టించాడు. నీళ్లకు పోతే చింతగింజ. మాసిన బట్టలకు పోతే ఆముదపు గింజ. డాక్టరమ్మను పిలవడానికి పోతే మక్కగింజ. వెనక తలుపు దాటితే సీతాఫలం గింజ. నెల రోజులు కొంగున గింజల మూట కట్టుకొని తిరిగాను. ఆయాలు నలుగురం ఉంటే నన్నొక్కదాన్నే ఎంచాడు, కాలు నిలవనిదాన్నని. ఆ నెలంతా నాకు భూమి మీద కాలు ఆనలేదు.

పాకీ పని ఆమెకు ఒళ్లు మండింది. ఆమె నాకంటే పెద్దది, నోరు చురుకు.

“ఏమే, నీ కాళ్లను జూసి నక్ష గీస్తాండ్రట?”

“గీస్తాండ్రక్కా.”

“నా కాళ్లేం పాపం జేసినయే? దినాం ఇరవై మాట్ల ఆ తలుపు దాటుత. నాకో ముంత ఇయ్యమను. గింజలు నేనే తెచ్చుకుంట, ఆయన జేబుల కెల్లి ఇయ్యద్దు.”

నక్ష సారుకు చెప్పాను. ఆయన నవ్వాడు. “కొత్త దవాఖానల గొలుసు గుంజితే నీళ్లతోని అంత పోతది. బుట్టలు మోసే పనే ఉండదు. ఆమె తిరిగేది ఎందుకు లెక్కబెట్టాలె?” అన్నాడు. వచ్చి ఆమెకు చెప్పాను, నీ పనే ఉండదట అని.

“పనుండదు సరే. మరి నేనుంటనా?” అంది.

నేను నవ్వాను. అప్పుడు నాకు అది నవ్వులాటగానే అనిపించింది.

ముంతలు పెట్టిన రెండో రోజో మూడో రోజో ఒక పసిదాన్ని తీసుకుపోయి తిరిగొచ్చాను. కొంగు విప్పి సీతాఫలం గింజ అరచేతిలోకి తీసుకున్నాను. ముంత మీద చెయ్యి ఆగిపోయింది. మా ఇండ్లలో పిల్లల తలలు లెక్కపెట్టరు. పోయిన పిల్లలను అసలే లెక్కపెట్టరు. ఎందరు పిల్లలంటే బతికినవాళ్లనే చెప్పాలి. పోయినవాళ్లను కలిపి చెబితే, ఉన్నవాళ్లను వాళ్ల వెంట పంపినట్టని మా అవ్వ చెప్పేది. నాకు ఉన్నది ఒక్కతే బిడ్డ. ఆమెకు అప్పుడే డోర్నకల్‌లో రైల్వే పట్టాల పని చేసే పిల్లగాడితో పెండ్లి చేశాను. ఇంకా కడుపు పండలేదు. ఆ గింజ ముంతలో పడితే ఆ చప్పుడు ఎవరికి వినబడుతుందో అని భయపడ్డాను. గింజను మళ్లీ కొంగున కట్టుకున్నాను.

ఆ నెలలో నేను చేతుల్లో మోసుకుపోయినవాళ్లు తొమ్మిది మంది. ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు ఒక్క గింజ కూడా వేయలేదు.

నెల నిండాక నక్ష సారు ముంతలు బల్ల మీద బోర్లించాడు. చింతగింజలు గుట్ట పడ్డాయి. సీతాఫలం గింజలు ఆరో ఏడో రాలాయి, బట్టలారేయడానికి పోయినవి.

“ఇంతేనా ఆయమ్మా?”

“ఇంతే సార్.”

“అంటే వెనక తలుపుతోని నీకు పనే లేదు.”

ఆయన నా మొహంలోకి చూస్తూనే అడిగాడు. ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేదాన్నేమో. తెలియదు. తల ఊపాను.

“మంచిదే. తలుపు తగ్గితే ఒక చౌకీదారు తగ్గుతడు. కుక్కలు రావు,” అని కాగితం మీద ఏదో గీత కొట్టేశాడు.

తర్వాత పై నుంచి పెద్ద మనుషులు వచ్చిన రోజు నన్ను సుబేదారికి పిలిపించాడు. ఉతికిన చీర కట్టుకొని పోయాను. గోడ నిండా నక్ష. ఇప్పుడు కట్టేది ఎరుపు, పదేళ్లకు కట్టేది పసుపు, ముప్పై ఏళ్లకు కట్టేది పచ్చ. ఆయన ఒక పుల్లతో ఎరుపు డబ్బాను చూపించి, “ఈ కాన్పుల వార్డు ఈ అమ్మ నడకను బట్టి గీసింది. నీళ్లు మంచాల దగ్గరికే వస్తయి, బట్టల గది పక్కనే ఉంటది, అడుగు దండుగ పోదు,” అని వాళ్లకు చెప్పాడు. వాళ్లు నన్ను చూసి తలలాడించారు. నాకు రెక్కలు వచ్చినట్టయింది. ఆ డబ్బాలో వెనక గోడకు తలుపు లేదన్నది ఆ రోజే చూశాను. నక్ష చదవడానికి అక్షరాలు అక్కర్లేదు. చూసి కూడా ఊరుకున్నాను.

అరవైల మొదట్లో ఎరుపు డబ్బా లేచింది. ఆవరణలో మిగతావి ఇంకా కడుతూనే ఉన్నారు, కాన్పుల వార్డు మాత్రం ముందు తెరిచారు. తెల్లగా, చల్లగా, ఎంతో బాగుంది. రెండు వరసల్లో మంచాలు, చివర లోపలి గది, దాని పక్కన వెనక గోడకు కిటికీ ఉన్న స్నానాల గది. ఏది పోవాలన్నా, ఏది రావాలన్నా రెండు వరసల మంచాల నడుమ నడిచి ముందు తలుపునే దాటాలి. బుట్టల పని పోయింది కాబట్టి పాకీ ఆమెను ఊడ్చే పనిలోకి మార్చి, జీతం తగ్గించారు.

“నీ కాళ్లు సల్లగుండ,” అంది నాతో. దీవెన కాదు అది.

పోయిన పిల్లల కోసం పెద్ద సిస్టరమ్మ మూత ఉన్న బకెట్ తెప్పించింది. మిగతా ఆయాలు అందులో పెట్టి, మూత వేసి, మామూలుగా నడిచిపోయేవాళ్లు. నేను పెట్టలేదు. గుడ్డలో చుట్టి, చేతుల్లో పట్టుకొని, పైన కొంగు కప్పుకొని పోయేదాన్ని. కొన్నాళ్లకు వార్డులో ఆడవాళ్లకు తెలిసిపోయింది. నా కొంగు కింద ఏమన్నా ఉంటే మొహాలు గోడకు తిప్పుకునేవాళ్లు. తర్వాత తర్వాత ఉతికిన దుప్పట్లు తీసుకొని పోతున్నా తిప్పుకునేవాళ్లు.

ఈలోగా డోర్నకల్‌లో నా బిడ్డకు రెండు కాన్పులయ్యాయి. రెండూ రైల్వే క్వార్టర్‌లోనే, మంత్రసాని చేతిలో. ఇద్దరూ దక్కలేదు. మూడోసారి కడుపుతో ఉందని తెలిసి నేను పట్టుబట్టాను. అంత మంచి దవాఖాన నా కాళ్లను చూసి కట్టారు, అందులోనే కనాలి అన్నాను. తొమ్మిదో నెలలో అత్తను వెంటబెట్టుకొని వచ్చింది.

పెద్ద సిస్టరమ్మ కాగితం తీసి అడిగింది. “ఎన్నో కాన్పు?”

“మొదటిదే సిస్టరమ్మా,” అన్నాను.

నా బిడ్డ నా వైపు చూసింది. నేను కళ్లతోనే వద్దన్నాను. సిస్టరమ్మ రాసుకుంది. ఇంతకుముందు పిల్లలు పోయినవాళ్లకు లోపలి గదిలో నాలుగు మంచాలు ఉండేవి, డాక్టరమ్మ గంట గంటకూ వచ్చి చూసేది. మొదటి కాన్పు వాళ్లకు నొప్పులు ఎక్కువ సేపు పడతాయి, వరండాలో తిరగాలి అని తలుపు దగ్గరి మంచాలు. నా బిడ్డకు తలుపు నుంచి రెండో మంచం ఇచ్చారు. ఇది నాకు తెలియని సంగతి కాదు. అక్కడే పని చేసేదాన్ని. అయినా నోరు రాలేదు. పోయిన ఇద్దరినీ కాగితం మీద ఎక్కిస్తే కడుపులో ఉన్నదానికి తగులుతుందనే నా భయం.

మరునాడు పొద్దున ఆమెకు సన్నగా నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నం లోపలి గదిలో ఒక పల్లెటూరామెకు మగపిల్లవాడు పుట్టి, ఏడవలేదు. సిస్టరమ్మ నన్ను పిలిచింది.

“ఆయా, బకెట్ తీస్కో. జల్ది.”

“బకెట్ల పెట్టనమ్మా.”

“మళ్ల మొదలువెట్టినవా? ఇయ్యాల నీ బిడ్డ పండుకున్నది ఆడ. జర సోంచాయించు.”

“ఆమె పండుకున్నదని ఈ పోరడు చెత్త అయితడా?”

“నీ ఇష్టం. నాకు చెప్పకు మల్ల,” అంది.

ఇప్పటికీ ఆ మాట తలచుకుంటాను. సిస్టరమ్మ మంచికే చెప్పింది. నేను చెప్పింది కూడా తప్పు కాదు. లెక్కలో వేయని బిడ్డను చేతుల్లో అయినా మోయాలని నా పట్టుదల. గుడ్డలో చుట్టి, కొంగు కప్పి, మంచాల నడుమ నడిచాను. ఒక్కొక్కరే మొహం తిప్పుకున్నారు. తలుపు దగ్గరికి వచ్చేసరికి నా బిడ్డ మోచేతి మీద లేచి కూర్చొని ఉంది. ఆమె తిప్పుకోలేదు.

“అవ్వా, ఎవరది?”

“ఎవరు లేరు బిడ్డా. పండుకో.”

కొత్త ఆవరణలో కూడా ఒక వేపచెట్టు ఉంది, ఆ పిల్లవాడి తాత దాని కింద ఉన్నాడు. ముసలాయనకు చేతులు ఆడలేదు. గుడ్డ సరిచేసి, ఆయన ఒళ్లో పెట్టి, కాసేపు పక్కన కూర్చొని లేచాను. తిరిగొచ్చేసరికి రెండో మంచం ఖాళీ. వరండాలో అత్త లేదు, మూట లేదు.

“పోయింది,” అంది పక్క మంచం ఆమె, గోడ వైపు చూస్తూనే. “నొప్పులు ఆగినయట. వద్దంటె ఇనలే.”

పరుగెత్తబోయాను. సిస్టరమ్మ తలుపుకు అడ్డం వచ్చింది. “యాడికి పోతానవ్? లోపల ఇద్దరు నొప్పుల మీదున్నరు. డ్యూటీ ఎవరు జేస్తరు?”

“నా బిడ్డమ్మా.”

“ఆపితె ఆగుతదా? ఆగేదైతె నా మాటకే ఆగేది.”

ఆమె చెయ్యి తోసేసి స్టేషన్‌కు పోయాను. డోర్నకల్ పాసింజర్ అప్పటికే వెళ్లిపోయింది. తిరిగొస్తే, డ్యూటీ వదిలిపోయినందుకు నాకు సెలవు ఇవ్వలేదు.

మూడోరోజు రైల్వే మనిషి ఒకాయన దవాఖానకు వచ్చి చెప్పి పోయాడు. తెల్లారుజామున కాన్పు అయిందట. కాళ్లు ముందు వచ్చాయట. ఆడపిల్ల. దక్కలేదు.

డోర్నకల్ పోయేసరికి నా బిడ్డ చాప మీద పడుకొని ఉంది. పాలు గడ్డకట్టకుండా రొమ్ములకు గుడ్డ బిగించి కట్టారు. అత్త నాకు చెంబుతో నీళ్లిచ్చి బయటికి పోయింది. పక్కన కూర్చొని తల మీద చెయ్యి వేశాను. తీసేసింది.

“ఎన్నో కాన్పని అడుగుతే మొదటిదన్నవ్. మరి నా ఇద్దరేరి అవ్వా?”

“అట్ల చెప్పద్దు బిడ్డా, మంచిది కాదు...”

“గా పిలగాన్ని పట్టుకొని పోతాంటె ఎవరని అడిగిన. ఎవరు లేరన్నవ్. నాకు పుట్టి పోతె గూడ గట్లనే అంటవ్ గదా. గందుకే లేచొచ్చిన.”

“నీ మంచికేనే.”

“ఇప్పుడు ముగ్గురు. అను. ముగ్గురని అను నాతోని.”

నోరు తెరిచాను. రాలేదు. ఆమె గోడ వైపు తిరిగింది, అచ్చం వార్డులో ఆడవాళ్లలాగే. ఆ రోజంతా మళ్లీ మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడటానికి నాలుగేళ్లు పట్టింది. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ మాట నన్ను అడగలేదు. రైలులో వస్తూ కిటికీలోంచి బయటికి చూస్తూ, ముగ్గురు అన్నాను. ఆమె లేని చోట అనడం ఏం గొప్ప?

స్టేషన్ దిగి ఇంటికి పోలేదు. నేరుగా సుబేదారికి పోయాను. నక్ష సారు బల్ల మీద వంగి పసుపు డబ్బాలు దిద్దుతున్నాడు. నన్ను చూసి సంతోషించాడు.

“ఏం ఆయమ్మా, వార్డు బాగుందా? కాళ్ల నొప్పులు తగ్గినయా?”

“సార్, నేను గింజలు తప్పు ఏసిన.”

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. తొమ్మిది మంది సంగతి చెప్పాను. లోపలి గది, తలుపు, నా బిడ్డ, అంతా చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి కూర్చున్నాడు.

“అప్పుడెందుకు చెప్పలేదు?”

“పోయినోళ్లను లెక్కబెట్టద్దు సార్, మాకు.”

“నేను అడిగిన గదా నిన్ను.”

“ఎన్నిమాట్ల తిరిగినవని అడిగిన్రు. ఏం పట్టుకపోయినవని అడగలే.”

ఆయన మొహం ఎర్రబడింది. లేచి గోడ మీది నక్ష దగ్గరికి పోయాడు. శవాలకు విడిగా ఒక కట్టడం ఉందని పసుపు డబ్బా ఒకటి చూపించాడు. అక్కడి నుంచి వార్డుకు ఒక వసారా కూడా వస్తుందట.

“ఎప్పుడు సార్?”

“రెండో విడతల. పదేండ్లు అనుకో. మంజూరైతె.”

“అప్పటిదాక?”

“నక్ష మంజూరైపోయింది ఆయమ్మా. ఒక్క తలుపు పెట్టాలన్నా కాగితాలు హైదరాబాదు పోవాలె, రావాలె. అప్పటిదాక ఆ బకెట్...” అని ఆగిపోయాడు.

పుట్టబోయే వాళ్లకు ముప్పై ఏళ్ల దాకా జాగా చూసిన మనిషి, పుట్టి పోయిన వాళ్లకు పదేళ్ల దాకా బకెట్ చూపించాడు. నాకు ఏడుపు రాలేదు. ఒకటి మాత్రం అడిగాను.

“స్నానాల గదిల కిటికి కింది గోడ తీస్తే ఇల్లు పడతదా సార్?”

“పడదు. అది ఉత్త ఇటుక గోడ. దాని మీద బరువేం లేదు,” అన్నాడు, ఏదో ఆలోచిస్తూ. తర్వాత చటుక్కున నా వైపు చూశాడు. చూసి, మళ్లీ బల్ల మీదికి వంగాడు. వద్దని అనలేదు. ఆయన నాకు చేసిన మేలు అదొక్కటే.

మరునాడు పొద్దున డ్యూటీకి రెండు గంటలు ముందే వెళ్లాను. నర్సుల ఇండ్లు కడుతున్న దగ్గర మేస్త్రీని అడిగి గడ్డపార తెచ్చుకున్నాను. పాకీ ఆమె అప్పటికే వరండా ఊడుస్తోంది. గడ్డపార చూసి, ఎక్కడికని కూడా అడగకుండా చీపురు పక్కన పడేసి నా వెంట వచ్చింది. స్నానాల గది గడియ లోపల నుంచి పెట్టుకున్నాం. పూత గట్టిగా ఉంది, ఊడిన తర్వాత ఇటుకలు సులువుగానే వచ్చాయి. నేను పొడిస్తే ఆమె లాగింది.

“ఎవడన్న అడుగుతె ఏమందమే?”

“నేనే తీసిన్నని చెప్త.”

“ఎలుకలు తవ్వినయందం. గింత లావు ఎలుకలని చెప్పు, సర్కారు ఎలుకలు,” అని ఇటుక చంకన పెట్టుకొని నవ్వింది.

కిటికీ కింద నేల దాకా తీసేశాం. చేతుల్లో బిడ్డ ఉన్న మనిషి వంగితే దాటేంత సందు అయింది. ముందు ఆమె దాటింది, తర్వాత నేను దాటాను. బయట నేల పల్లంగా ఉంది, చూసుకోకపోతే కాలు మడత పడుతుంది. తీసిన ఇటుకలన్నీ అక్కడికి మోసుకొచ్చి, మట్టి సర్ది, రెండు వరసలు పేర్చి మెట్టు కట్టాను. ఎక్కి, దిగి, కదలడం లేదని చూసుకొని, చేతులు కడుక్కొని డ్యూటీకి ఎక్కాను.